యాభై బారల లోతున... ఒక ముల్లు!

పెళ్లిలో అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టడం ఒకప్పుడు మన దగ్గర మర్యాద. సైకిలు ఎప్పుడో తుప్పు పట్టింది. రేడియో అటకెక్కింది. వాచీ మాత్రం చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. బీరువా లాకర్లో, తాతగారి కళ్లజోడు పక్కన, ఎప్పుడో ఆగిపోయిన ముళ్లతో!

సెల్‌ఫోన్‌ వచ్చాక చేతి గడియారంతో పనేముంది అంటారు కుర్రకారు. న్యాయమైన మాటే. అయినా ప్రపంచవ్యాప్తంగా కొందరు పనిగట్టుకుని యాభై అరవై ఏళ్ల నాటి వాచీల కోసం గాలిస్తుంటారు. అందులోనూ ఒక రకమంటే వాళ్లకు ప్రాణం. సముద్రంలోకి దిగేవాళ్ల కోసం తయారైన ‘డైవింగ్‌ వాచీ’ అది. గీతలు పడిన అద్దం, వెలిసిపోయిన అంచు, తెల్లగా ఉండాల్సిన చుక్కలు కాస్తా ముదురు మీగడరంగుకి తిరిగి... మన కంటికి కనిపిస్తే ‘ఇంకా పారేయలేదా’ అంటాం. పేరున్న రకమైతే వాళ్లు లక్షలు పోసి కొంటారు!

ఎందుకంత మోజు? ఆ వాచీ చేసిన పని అలాంటిది మరి. నీళ్లలోకి దిగిన మనిషికి ‘నాయనా, ఇంకా ఇన్ని నిమిషాలే ఉన్నాయి. పైకి పద’ అని చెప్పాల్సింది అదే. అది తప్పు చెబితే మనిషి తిరిగి రాడు. ఈ వారం ఆ వాచీల కథ చెప్పుకుందాం.

మెడలో వేసుకుని ఈదింది!

గడియారానికి మొదటి శత్రువు దుమ్ము, రెండోది నీళ్లు. రెండూ దూరేది ఒకే దారిలో... కీ ఇచ్చే బుడిపె దగ్గర. 1926లో రోలెక్స్‌ కంపెనీ ఈ దారి మూసేసింది. వెనక మూతనూ, కీ బుడిపెనూ సీసా మూతలా మర తిప్పి బిగించేలా చేసి, దానికి ‘ఆయిస్టర్‌’ అని పేరు పెట్టింది. ఆల్చిప్పలా గట్టిగా మూసుకుంటుందని!

సరే, జనం నమ్మాలి కదా. 1927 అక్టోబరు 7న మెర్సిడిస్‌ గ్లైట్జ్‌ అనే టైపిస్టు ఇంగ్లిష్‌ ఛానెల్‌ను ఈది, ఆ ఘనత సాధించిన తొలి బ్రిటిష్‌ మహిళ అయ్యింది. కొద్దిరోజులకే మరో మహిళ తానూ ఈదానని అబద్ధం చెప్పి దొరికిపోవడంతో, గ్లైట్జ్‌ మీదా అనుమానాలు మొదలయ్యాయి. దాంతో ఆమె అదే నెల 21న మళ్లీ నీళ్లలోకి దిగింది. ఆ సందర్భం చూసి రోలెక్స్‌ యజమాని హాన్స్‌ విల్స్‌డార్ఫ్‌ ఆమెకో వాచీ ఇచ్చాడు. మెడలో వేసుకుని పది గంటలకు పైగా ఈదింది. గడ్డకట్టే చలికి తట్టుకోలేక చివరికి ఆమెను పడవలోకి లాగాల్సి వచ్చింది. వాచీ మాత్రం చక్కగా నడుస్తూనే ఉంది! ఆ నవంబరు 24న ‘డెయిలీ మెయిల్‌’ మొదటి పేజీ నిండా ఇదే ప్రకటన.

ఇక్కడో చిన్న తేడా ఉంది. నీటిపై ఈదడం వేరు, నీటి అడుక్కి వెళ్లడం వేరు. పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి నీటి బరువు మరో వాతావరణమంత ఒత్తిడిని తెచ్చి మీద వేస్తుంది. వందమీటర్ల దగ్గర అది పైన ఉన్నదానికి పదకొండు రెట్లు. చేతి గడియారం అద్దం మీద అంత బరువు పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. 1932లో ఒమేగా వాళ్లు ఒక పెట్టెలో ఇంకో పెట్టె పెట్టి ‘మెరీన్‌’ అనే వాచీ చేశారు. 1936లో దాన్ని జెనీవా సరస్సులో 73 మీటర్ల లోతుకు దించి చూశారు. తట్టుకుంది. కానీ అప్పటికి అంత లోతుకు వెళ్లే మామూలు మనుషులెవరు?

గాలి అయిపోయిన పెద్దమనిషి

ఆ మనుషులు 1943 తర్వాత తయారయ్యారు. ఫ్రాన్స్‌లో జాక్‌ కూస్తో, ఎమిల్‌ గాన్యాన్‌ కలిసి ‘ఆక్వాలంగ్‌’ తయారుచేశారు. వీపు మీద గాలి సిలిండరు, నోట్లో గొట్టం. అంతే... పైనున్న పడవతో తాడూ బంధమూ లేకుండా చేపలా తిరగొచ్చు. ఇబ్బందల్లా ఒక్కటే. సిలిండరులో గాలి ఎంతసేపు వస్తుంది? లోపల మైమరచి తిరిగేవాడికి ఆ సంగతి గుర్తు చేసేదెవరు?

బ్లాంక్‌పాన్‌ అనే స్విస్‌ వాచీల కంపెనీని నడిపిన జాన్‌ జాక్‌ ఫిష్తేర్‌కు ఈ డైవింగు పిచ్చి ఉంది. దక్షిణ ఫ్రాన్స్‌ తీరంలో ఒకసారి కాలం మరిచిపోయి అడుగునే ఉండిపోయాడు. గాలి అయిపోయింది. ఎలాగో పైకొచ్చి బతికాడు. వాచీల కంపెనీ పెద్దకు టైం తెలియక ప్రాణం మీదికి వచ్చిందంటే నవ్వొస్తుంది గానీ, ఆ భయంలోంచే ఒక గొప్ప వాచీ పుట్టింది.

అదే సమయంలో ఫ్రెంచ్‌ సైన్యంలో నీటి అడుగున పోరాడే దళాన్ని తయారుచేస్తున్న బాబ్‌ మలూబియే, క్లోద్‌ రిఫో అనే ఇద్దరు అధికారులు కూడా ఇలాంటి వాచీ కోసమే వెతుకుతున్నారు. వాళ్ల కోరికలు చాలా సూటిగా ఉన్నాయి. నల్లటి డయల్‌ ఉండాలి. అంకెలూ ముళ్లూ పెద్దవిగా, చీకట్లో మెరిసేలా ఉండాలి. ఎంతసేపైందో ఒక్క చూపులో తెలియాలి. అలా 1953లో వచ్చింది ‘ఫిఫ్టీ ఫాథమ్స్‌’.

ఫాథమ్‌ అంటే ఏదో కొరుకుడుపడని కొలత అనుకునేరు. అది మన ‘బార’! రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చే పొడవు. వాళ్ల లెక్కలో ఆరడుగులు. యాభై బారలంటే 300 అడుగులు, అంటే సుమారు 91 మీటర్లు. కూస్తో బృందం సముద్రగర్భంలో తీసి, 1956లో కాన్‌ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గెలిచిన ‘ది సైలెంట్‌ వరల్డ్‌’ సినిమాలో డైవర్ల చేతులకు ఉన్నది ఈ వాచీయే. 1954లో బాసెల్‌ ప్రదర్శనలో రోలెక్స్‌ తన ‘సబ్‌మెరైనర్‌’ను జనం ముందు పెట్టింది. 1962లో ‘డాక్టర్‌ నో’ సినిమాలో జేమ్స్‌బాండ్‌గా షాన్‌ కానరీ చేతికి అదే ఉండటంతో, ఈతగాళ్ల పనిముట్టు కాస్తా షోకు వస్తువైపోయింది.

ఆ చక్రం ఒకవైపే ఎందుకు తిరుగుతుంది?

డైవింగ్‌ వాచీని గుర్తుపట్టడం తేలిక. డయల్‌ చుట్టూ అంకెలున్న చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని ‘బెజెల్‌’ అంటారు. చాలామంది అది అందానికి అనుకుంటారు. అసలు ప్రాణమంతా అందులోనే ఉంది.

నీళ్లలోకి దూకే ముందు ఆ చక్రం మీది త్రికోణం గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పి పెట్టాలి. ఆ తర్వాత ముల్లు ఎదురుగా ఏ అంకె ఉంటే దిగి అన్ని నిమిషాలైనట్టు. కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు. లోతుకెళ్లేకొద్దీ మెదడు మందగిస్తుంది కాబట్టి, చిన్న లెక్క కూడా అక్కడ పెద్ద గండమే.

లెక్క గాలి గురించే కాదు. లోతులో ఒత్తిడికి మనం పీల్చే నత్రజని రక్తంలోకి, కండరాల్లోకి కరిగిపోతుంది. ఎక్కువసేపు ఉండి ఒక్కసారిగా పైకొస్తే గోలీసోడా కొట్టినప్పుడు వచ్చినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. కీళ్లు పట్టేయడం దగ్గర్నుంచి పక్షవాతం, మరణం దాకా ఏదైనా జరగొచ్చు. అందుకే ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో పట్టికలు తయారుచేశారు. అమెరికా నౌకాదళం పాత పట్టిక ప్రకారం 60 అడుగుల లోతులో 60 నిమిషాలు, 100 అడుగుల్లో 25 నిమిషాలు ఉండి, మధ్యలో ఆగకుండా పైకి రావచ్చు. 1967లో డోక్సా కంపెనీ ఈ పట్టికను ఏకంగా బెజెల్‌ మీదే చెక్కేసి, డయల్‌కు నారింజ రంగు వేసి ‘సబ్‌ 300’ తెచ్చింది.

మరి చక్రం ఒకవైపే, అంటే గడియారం ముల్లు నడకకు ఎదురుగానే ఎందుకు తిరగాలి? నీటి అడుగున చెయ్యి ఏ రాతికో తగిలి చక్రం జరిగిందనుకోండి. ఎదురువైపే జరుగుతుంది కాబట్టి, నిజంగా అయినదానికంటే ఎక్కువ నిమిషాలు అయినట్టు చూపిస్తుంది. డైవరు తొందరపడి పైకొస్తాడు. నష్టం లేదు. అదే రెండోవైపు జరిగితే? ఇంకా టైం ఉందనుకుని అక్కడే ఉండిపోతాడు. తప్పు జరిగినా బతికే వైపు జరగాలి... ఈ చిన్న ఆలోచన కోసమే పాత వాచీల ప్రేమికులు ఆ చక్రాన్ని టక్‌టక్‌మని తిప్పుకుంటూ మురిసిపోతుంటారు. మొదటి ఫిఫ్టీ ఫాథమ్స్‌లో దాన్ని కిందికి నొక్కితే తప్ప తిరిగేది కాదు. తర్వాత్తర్వాత ఒకవైపే తిరిగే చక్రాలు రివాజయ్యాయి.

కురే నుంచి ఒక ఉత్తరం

స్విస్‌వాళ్ల కథ ఇలా నడుస్తుంటే, 1965లో జపాన్‌ సీకో కంపెనీ 150 మీటర్ల లోతును తట్టుకునే తన తొలి డైవింగ్‌ వాచీని తీసుకొచ్చింది. 1968లో కంపెనీకి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది హిరోషిమా దగ్గరి కురే పట్టణానికి చెందిన ఒక డైవరు. 300 మీటర్లకు మించిన లోతుల్లో పనిచేసేవాళ్లకు మీ వాచీలు ఆగడం లేదన్నది ఆ ఉత్తరం సారాంశం.

అంత లోతున పనిచేసేవాళ్లు ఒత్తిడి నింపిన గదుల్లో రోజుల తరబడి ఉంటారు. హీలియం కలిపిన గాలి పీలుస్తారు. హీలియం అణువులు మరీ సూక్ష్మమైనవి. రబ్బరు రింగుల్లోంచి కూడా మెల్లగా వాచీలోకి దూరిపోతాయి. గదిలో ఒత్తిడి తగ్గించేటప్పుడు లోపలున్న హీలియం బయటికి పోయే దారిలేక అద్దాన్ని టప్పుమని ఊడగొడుతుంది! రోలెక్స్‌ దీనికి 1967లోనే ‘సీ డ్వెల్లర్‌’ వాచీకి పక్కన చిన్న కవాటం పెట్టి, హీలియం తనంతట తానే పోయే ఏర్పాటు చేసింది. సీకో వేరే దారి పట్టింది. అసలు లోపలికి రానిస్తేనే కదా! ఏడేళ్లు కష్టపడి, ఎల్‌ అక్షరం ఆకారంలో ఉండే రబ్బరు రింగు, టైటానియం ఒళ్లు, పైన దెబ్బలు కాచే తొడుగుతో 1975లో 600 మీటర్ల వాచీని విడుదల చేసింది. చేపల డబ్బాలా ఉందని అభిమానులు దానికి ‘ట్యూనా’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఒక్క ఉత్తరానికి ఏడేళ్ల జవాబు. ఇంతకంటే మంచి వినియోగదారుల సేవ ఎక్కడైనా ఉందా?

అన్నట్టు, 1960 జనవరి 23న జాక్‌ పికార్డ్‌, డాన్‌ వాల్ష్‌ ‘ట్రీస్ట్‌’ అనే నౌకలో పసిఫిక్‌లోని మేరియానా అగాధం అడుగుకు దిగినప్పుడు, నౌకకు బయటివైపు ఒక ప్రత్యేకమైన రోలెక్స్‌ను కట్టారు. దాదాపు పదకొండు కిలోమీటర్ల లోతు. గోళీకాయలా ఉబ్బిన అద్దంతో వెళ్లిన ఆ వాచీ నడుస్తూనే తిరిగొచ్చింది.

‘రేడియం’ అంటే అది కాదు

చీకట్లో మెరిసే ప్రతిదాన్నీ మనం ‘రేడియం’ అనేస్తాం. బండి నంబరు ప్లేటు మీద అంటించేది రేడియం స్టిక్కర్‌, దేవుడి పటం మీద మెరిసేది రేడియం. వాటిలో రేడియం చుక్కైనా ఉండదు. కానీ 1960లకు ముందు చాలా వాచీల్లో మాత్రం నిజంగానే రేడియం ఉండేది. అమెరికాలో ఆ రంగు పూసిన అమ్మాయిలు, బ్రష్షు కొసను పెదవులతో సన్నం చేసుకుంటూ పనిచేశారు. దవడ ఎముకలు కుళ్లి ఎందరో చనిపోయారు. న్యూజెర్సీలో అయిదుగురు మహిళలు కోర్టుకెక్కగా 1928లో పరిహారం దక్కింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇంట్లో అంత పాత వాచీ ఉంటే జాగ్రత్త అవసరం. అది ఇప్పుడు మెరవకపోవచ్చు. మెరిసే పొడి పాడైపోతుంది గానీ రేడియం అలాగే ఉంటుంది. అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. మూత, అద్దం ఊడదీయొద్దు. పిల్లల చేతికి ఇవ్వొద్దు. మెకానిక్‌ ఆ పొడిని గీకి, నోటితో ఊదకుండా ముందే చెప్పండి. 1960ల్లో దాని స్థానంలో ట్రిటియం వచ్చింది. స్విస్‌ డయళ్ల అడుగున ‘స్విస్‌’ అన్న మాట పక్కన ఇంగ్లిష్‌ ‘టి’ అక్షరం ఉంటే అది ట్రిటియం. సుమారు పన్నెండేళ్లకోసారి సగమైపోతుంది. మూసి ఉన్న వాచీతో భయం లేదు. తెల్లటి చుక్కల్ని మీగడరంగుకి, తేనెరంగుకి తిప్పేది ఇదే. సేకర్తలకు ఆ రంగే బంగారం. 1990ల నుంచి వాడుతున్న పదార్థాల్లో రేడియోధార్మికత లేదు. వెలుతురు తాగి, చీకట్లో కక్కుతాయి.

మన లాకర్లో ఏముంది?

మన దేశంలో ఒకప్పుడు ‘ఫేవర్‌ లూబా’ అంటే పెద్ద హోదా. 1737 నాటి మూలాలున్న ఈ స్విస్‌ కంపెనీ పందొమ్మిదో శతాబ్దంలోనే బొంబాయిలో వ్యాపారం మొదలుపెట్టింది. మన పెద్దవాళ్ల చేతులకున్న ‘సీ చీఫ్‌’, ‘సీ కింగ్‌’ వాళ్లవే. పేరులో సముద్రం ఉంది కదాని అవి డైవింగ్‌ వాచీలు అనుకోవద్దు. ఆఫీసుకు, పెళ్లిళ్లకు పెట్టుకునేవే. వాళ్ల అసలైన డైవింగ్‌ వాచీలు 1960ల నాటి ‘డీప్‌ బ్లూ’, 1968లో వచ్చిన ‘బ్యాథీ’. బ్యాథీ అయితే మరీ చిత్రం. వెనక మూతకున్న రంధ్రంలోంచి నీటి ఒత్తిడి పలుచటి పొరను నొక్కితే, ఒక ముల్లు కదిలి ఎంత లోతులో ఉన్నామో చూపిస్తుంది.

గల్ఫ్‌ నుంచి వచ్చిన మామయ్యలు తెచ్చిన సీకోల్లో ఎక్కువ భాగం ‘సీకో 5’ రకాలే. ఎక్కడో ఒకటి మాత్రం తిరిగే చక్రంతో, 150 మీటర్లు అని రాసి ఉండొచ్చు. వెనక మూత చూడండి. గీతకు ముందున్న నాలుగంకెలు లోపలి యంత్రానివి, తర్వాతి నాలుగు పైపెట్టెవి. 6309-7040 అని ఉంటే... 1976 నుంచి సుమారు పుష్కరకాలం తయారై, ప్రపంచమంతా ఇష్టపడే డైవింగ్‌ వాచీ మీ ఇంట్లో ఉన్నట్టే! 6105-8110 అయితే మరీ అదృష్టం. 1979 నాటి ‘అపోకలిప్స్‌ నౌ’ సినిమాలో మార్టిన్‌ షీన్‌ చేతికున్నది అదే. సీరియల్‌ నంబరులో మొదటి అంకె తయారైన ఏడాదిలోని చివరి అంకె, రెండోది నెల. మొదట్లో 74 అని ఉంటే ఏడుతో ముగిసే ఏడాది, ఏప్రిల్‌. 6309 అయితే 1977 గానీ 1987 గానీ అన్నమాట. అది 1967 కావడానికి వీల్లేదు... ఆ రకమే అప్పటికి పుట్టలేదు కాబట్టి!

తళతళ కొంప ముంచుతుంది

పాత వాచీ దొరకగానే మనం చేసే మొదటి పని దుకాణానికి పట్టుకెళ్లి ‘కొత్తదానిలా చేసివ్వు’ అనడం. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. పాలిష్‌ పెడితే అంచులు అరిగి వాచీ సబ్బుబిళ్లలా తయారవుతుంది. డయల్‌కు కొత్త రంగు వేయిస్తే విలువ సగానికి సగం పడిపోతుంది. ఆగిన వాచీకి శుభ్రం చేసి ఆయిలింగ్‌ చేస్తే చాలు. డయల్‌, ముళ్లు, చక్రం జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పండి. ఒకవేళ ఏదైనా భాగం మార్చినా పాతది అడిగి తెచ్చుకుని చిన్న కవరులో దాచండి.

కొనేవాళ్లకూ ఇదే సూత్రం. ముంబయిలో రంగులద్దిన పాత వాచీలు సేకర్తల ప్రపంచంలో మహా ప్రసిద్ధి. కంపెనీ ఏనాడూ వేయని చిలకాకుపచ్చ, గులాబీ డయళ్లు కనిపిస్తే ఆగండి. అక్షరాలు మందంగా, వంకరగా ఉన్నాయా? ఒళ్లంతా గీతలు పడి డయల్‌ మాత్రం నిన్నే పుట్టినట్టు మెరుస్తోందా? ముళ్లు తేనెరంగులో ఉండి చుక్కలు పాలలా తెల్లగా ఉన్నాయా? ఒకే ఇంట్లో పెరిగినవాళ్లకు ఒకే రంగు ఎండ తగలాలి కదా! భూతద్దం ఖరీదు చాలా తక్కువ. అది లేకుండా బేరానికి దిగకండి.

మరొక్క మాట. ‘డైవర్‌’ అని రాసి ఉందని యాభై ఏళ్ల వాచీతో ఈతకొలనులోకి దూకొద్దు. లోపలి రబ్బరు రింగులు ఎప్పుడో ఎండిపోయి ఉంటాయి. కొత్తవి వేయించి, ఒత్తిడి పరీక్ష చేయించాకే నీళ్లు. కొత్త వాచీలకూ ఒక సంగతి వర్తిస్తుంది. 30 మీటర్లు అని ఉంటే చేతులు కడుక్కున్నప్పుడు పడే నాలుగు చినుకులకే. ఈదడానికి కాదు. నిజమైన డైవింగ్‌ వాచీకి ఐఎస్‌ఓ 6425 అనే ప్రమాణం ఉంది. 1982లో వచ్చింది. కనీసం వంద మీటర్లు తట్టుకోవాలి. రాసిన లోతుకు పాతిక శాతం ఎక్కువ ఒత్తిడితో పరీక్షించాలి. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైం కనిపించాలి.

1980ల్లో డైవ్‌ కంప్యూటర్లు వచ్చాయి. లోతు, సమయం, నత్రజని... అన్నీ అవే లెక్కగట్టి చెబుతున్నాయి. ఇవాళ సముద్రంలోకి దిగేవారికి ఆ తిరిగే చక్రం తప్పనిసరి కాదు. బ్యాటరీ మొరాయిస్తే ఆదుకుంటుందని మాత్రం కొందరు ఇప్పటికీ చేతికి కట్టుకుంటారు. పాత వాచీకి బ్యాటరీ ఉండదు. చెయ్యి కదిలితే నడుస్తుంది, లేదా ఉదయాన్నే కీ ఇస్తే నడుస్తుంది.

మీ ఇంట్లో ఉన్నది డైవింగ్‌ వాచీయే కానక్కర్లేదు. హెచ్‌ఎంటీ జనతా అయినా సరే.  సంత విలువ సంగతి అలా ఉంచి, ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఎవరు కొన్నారు, ఏ ఊళ్లో, ఎంతకి, ఏ సందర్భంలో. వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద తేదీ వేసి రాసి, మడిచి వాచీ కింద పెట్టండి. ఆగిన ముల్లును మెకానిక్‌ ఎప్పుడైనా నడిపిస్తాడు. ఆ కాగితం రాయగలిగినవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉండరు.